రెండో పిండం ఖరీదు



ఈ సభలో సంతాన సాఫల్య చికిత్స గురించి మాట్లాడమని ఒక పిల్లల డాక్టర్ని పిలవడం కొందరికి వింతగా అనిపించి ఉంటుంది. నేను పిండాలు తయారుచేసేవాణ్ణి కాను, గర్భంలో పెట్టేవాణ్ణీ కాను. అలా పెట్టిన పిండాల నుంచి నెలలు నిండకుండా పుట్టినవాళ్లు నా వార్డుకు వస్తారు. ఎన్ని పిండాలు పెట్టాలన్న నిర్ణయం ఒక ఆసుపత్రిలో జరుగుతుంది. దాని ఫలితం చాలాసార్లు మరో ఆసుపత్రిలో, మరో బిల్లులో తేలుతుంది. మొదటి చోట పనిచేసేవాళ్లు రెండో చోటికి వచ్చి చూడటం అరుదు. సంతాన సాఫల్య చికిత్స చేసే మా డాక్టరమ్మ గారు మాత్రం వచ్చేవారు. తాను పెట్టిన పిండం బిడ్డై నా వార్డుకు చేరితే, రౌండ్స్ అయ్యాక సాయంత్రం పూట వచ్చి కేస్ షీట్ చదివి వెళ్లేవారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఆవిడకు ఇంకో అలవాటుండేది. రెండు పిండాలూ పెట్టేయమని పట్టుబట్టిన దంపతుల్ని, "ముందు వెళ్లి ఆ డాక్టరు గారి వార్డు చూసి రండి" అని నా దగ్గరికి పంపేవారు. వాళ్లు అద్దం ఇవతల నిలబడి, వైర్ల మధ్య పడుకున్న కిలో బరువు పిల్లల్ని చూసి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయేవారు. నాకు ఆ పద్ధతి నచ్చేది కాదు. భయపెట్టి తీసుకున్న ఒప్పుకోలు కూడా ఒప్పుకోలేనా మేడమ్ అని అడిగాను. "ఆశపెట్టి తీసుకున్నది అవుతుందా మరి?" అన్నారు. ఆ వాదన మా మధ్య ఎటూ తేలలేదు.

ఇలాంటి సభల్లో గాంధారి నేతి కుండల కథతో మొదలుపెట్టడం ఆనవాయితీ. దాన్ని వదిలేసి 1978కి వస్తాను.

ఆ ఏడాది జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో లూయీస్ బ్రౌన్ పుట్టింది. ఆ పుట్టుకకు కారకులైన పాట్రిక్ స్టెప్టో, రాబర్ట్ ఎడ్వర్డ్స్, జీన్ పర్డీ ఆమె తల్లికి అండాల కోసం హార్మోన్ ఇంజెక్షన్లు ఇవ్వలేదు. ఆ నెల సహజంగా ఎదిగిన ఒక్క అండాన్ని తీశారు, ఒక్క పిండం తయారైంది, దాన్నే పెట్టారు. ప్రపంచంలోని తొలి టెస్ట్ ట్యూబ్ బేబీ అలా ఒకే పిండంతో పుట్టిన బిడ్డ. ఎన్ని పెట్టాలన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు.

అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో రెండో బిడ్డ పుట్టింది. ఆ బిడ్డకు కారకులైన డాక్టర్ సుభాష్ ముఖర్జీ దారి వేరు. ఇంజెక్షన్లిచ్చి ఒకటి కంటే ఎక్కువ అండాలు తీశారు, పిండాన్ని శీతలీకరించి దాచారు, తర్వాతి నెలల్లో గర్భసంచి నెమ్మదించాక పెట్టారు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. తర్వాత ఆయన్ను కంటి విభాగానికి బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబైలో డాక్టర్ ఇందిరా హిందుజాతో కలిసి మరో బిడ్డకు కారకులైన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్‌ను అప్పట్లో దేశమంతా తొలి ఘనత ఆయన బృందానిదేనని మెచ్చుకుంది. 1997లో ఆయనే ముఖర్జీ రాతప్రతులు చదివి, ఆ ఘనత నాది కాదు, ఆయనది అని ప్రకటించారు. మన వృత్తిలో ఇలాంటివి తరచుగా జరగవు కాబట్టి కాస్త ఆగి చెప్పాను. అయితే నాకు ఇక్కడ కావాల్సింది మరో సంగతి. పిండాన్ని దాచి, సమయం చూసి, తర్వాత పెట్టడం అన్న ముఖర్జీ ఆలోచన మీదే ఈరోజు ఒక్కొక్క పిండం చొప్పున పెట్టే పద్ధతి మొత్తం నిలబడి ఉంది.

మధ్యలో ఒక పాతికేళ్లు లోకం సగం దారే నడిచింది. ఇంజెక్షన్లిచ్చి పది, పన్నెండు అండాలు తీయడం అందరూ నేర్చుకున్నారు. దాచడం మాత్రం సరిగా చేతకాలేదు. నెమ్మదిగా చల్లబరిస్తే కణంలోని నీరు మంచు పలుకులై కణాన్నే చీల్చేది, కరిగించేసరికి చాలా పిండాలు చచ్చిపోయేవి. దాచలేని దాన్ని పారేయడానికి మనసొప్పక మూడు, నాలుగు కలిపి కడుపులో పెట్టేసేవారు. ఒక్కో పిండం నిలబడే అవకాశమూ అప్పట్లో చాలా తక్కువ. ఆ రోజుల్లో అలా చేసినవారిని తప్పుపట్టను. మన ఐసీఎంఆర్ 2005 మార్గదర్శకాలు కూడా మామూలుగా మూడుకి మించవద్దనే చెప్పాయి.

ఇప్పుడు ల్యాబ్ మారిపోయింది. పిండాన్ని అయిదో రోజు దాకా పెంచి, బ్లాస్టోసిస్ట్ దశకు చేరినదాన్నే ఎంచుకుంటున్నారు. విట్రిఫికేషన్ వచ్చాక క్షణాల్లో చల్లబరుస్తున్నారు, మంచు పలుకులు కట్టే వ్యవధే ఉండదు. మంచి ల్యాబ్‌లో నూటికి తొంభైకి పైగా పిండాలు క్షేమంగా బయటికి వస్తున్నాయి. ఇంత మారినా, రెండు పెట్టడమన్న పాత అలవాటు చాలాచోట్ల కదలకుండా కూర్చుంది.

2009లో కాలిఫోర్నియాలో ఒక తల్లికి ఒకే కాన్పులో ఎనిమిది మంది పుట్టారు. 12 పిండాలు పెట్టిన డాక్టరు 2011లో లైసెన్సు పోగొట్టుకున్నాడు. ఆ వార్త మనకు మేలు కంటే కీడే ఎక్కువ చేసిందనుకుంటాను. ఎనిమిదిని చూసి నోరు తెరిచిన లోకానికి రెండు చాలా మర్యాదైన సంఖ్యగా కనబడసాగింది. నా వార్డు నిండేది మాత్రం ఆ రెండుతోనే.

దంపతులు అడిగే ప్రశ్న మీ అందరికీ తెలిసిందే. "మేడమ్, రెండూ పెట్టేయండి. ఒకటి నిలబడకపోయినా ఇంకోటి నిలబడుతుంది కదా." ఇందులో తెలివి తక్కువతనం ఏమీ లేదు. లెక్క సగంలో ఆగింది, అంతే. మిగతా సగం మనం వేసి చూపించాలి.

వయసులో చిన్నదైన ఒక స్త్రీకి రెండు మంచి బ్లాస్టోసిస్టులు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి బిడ్డగా నిలబడే అవకాశం నూటికి 40 అనుకుందాం. ఇది సులువు కోసం వేసుకున్న సంఖ్య. రెండూ కలిపి పెడితే నూరు మందిలో 36 మందికి ఏదీ నిలబడదు. 48 మందికి ఒకటి నిలబడుతుంది, 16 మందికి రెండూ నిలబడతాయి. అంటే 64 మందికి కడుపు పండింది, వాళ్లలో నలుగురికి ఒకరు కవలల్ని మోస్తున్నారు. ఇప్పుడు అవే రెండు పిండాల్ని విడివిడిగా పెడదాం. మొదటిసారి 40 మందికి నిలబడింది. మిగిలిన 60 మందికి కొన్నాళ్లాగి రెండోది పెడితే 24 మందికి నిలబడింది. మొత్తం మళ్లీ 64. రెండు పిండాల వల్ల పుట్టే కవలలు లేరు. పైగా మొదటిసారే ఫలించిన 40 మందికీ రెండో పిండం ఇంకా ఫ్రీజర్‌లో భద్రంగా ఉంది, మూడేళ్ల తర్వాత తమ్ముడో చెల్లెలో కావాలంటే వచ్చి పెట్టించుకోవచ్చు.

నిజానికి ఏ రెండు పిండాలూ సరిసమానంగా ఉండవు. రెండింటికీ గర్భసంచి ఒకటే కాబట్టి అవకాశాలు పూర్తిగా విడివిడివీ కావు. కరిగించేటప్పుడు కొద్దిగా నష్టమూ ఉంటుంది. అయినా లెక్క దిక్కు మారదు. కలిపి పెట్టడం వల్ల బిడ్డ పుట్టే అవకాశం మొత్తంగా పెరగడం లేదు, కొన్ని నెలలు ముందుకు జరుగుతోంది. ఆ తొందరకు కవలల రూపంలో వెల కడుతున్నాం.

కవలలంటే మనకు లవకుశులు. ఇంటికి ఇద్దరొస్తే పండగే, కాదనను. కవలల్లో చాలామంది క్షేమంగా ఇంటికి వెళతారు, ముద్దుగా పెరుగుతారు, నా దగ్గరికే టీకాలకు వస్తారు. సగానికి పైగా మాత్రం 37 వారాలు నిండకుండానే పుడతారు. 35, 36 వారాలకు పుట్టినవారితో పెద్ద చిక్కు లేదు. నేను చెబుతున్నది 28, 29 వారాలకు వచ్చేవాళ్ల గురించి. ఊపిరితిత్తులు తెరుచుకోవు, సర్ఫాక్టెంట్ వేయాలి. మొదటి మూడు రోజులు తలలో రక్తస్రావం అవుతుందేమోనని స్కాన్లు. పాలు పడతాయో లేదోనని ఒక్కో మిల్లీలీటరు లెక్క. 34 వారాల లోపు గానీ రెండు కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ నెల తిరిగేలోగా కంటి రెటీనా చూపించాలి. మరీ ముందు పుట్టినవారికి రెండు, మూడు వారాలకే. ఆ పరీక్ష ఒక్కటి తప్పితే బిడ్డ ప్రాణంతో ఇంటికెళ్లి చూపు లేకుండా పెరగవచ్చు. సెరిబ్రల్ పాల్సీ ముప్పు కూడా ఒంటరి బిడ్డకంటే కవలలకు కొన్ని రెట్లు ఎక్కువ.

అన్నీ జంటగా కావాలి. రెండు వార్మర్లు, రెండు సీప్యాప్ మిషన్లు, రెండు సీసాల సర్ఫాక్టెంట్. ఒక తండ్రి ఒక రాత్రి నా ముందు కూర్చుని, ఒక్క సీసాకే డబ్బుంది, ఇద్దరిలో ఎవరికి వేయాలో మీరే చెప్పండి అన్నాడు. ఆ రెండో సీసా ఎలాగో దొరికింది. ఆ ప్రశ్న అతని నోటికి రాకుండా ఆపగలిగిన రోజు మాత్రం ఏడు నెలల ముందే గడిచిపోయింది.

తల్లి సంగతి ఇక్కడున్న ప్రసూతి వైద్యులకు నేను చెప్పనక్కర్లేదు. బీపీ, షుగరు, కాన్పు తర్వాత రక్తస్రావం అన్నీ కవలల కడుపులో ఎక్కువే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. స్వీడన్ స్త్రీకి కవలల్ని మోయడం ఒకటైతే, హిమోగ్లోబిన్ తొమ్మిది ఉన్న మన అమ్మాయికి మోయడం ఇంకొకటి. కవలలందరూ మన చేతిలో లేరు, నిజమే; ఒకే పిండం కూడా నూటికి ఒకటి, రెండుసార్లు తనంతట తానే చీలి కవలలవుతుంది. దాన్ని మనం ఆపలేం, రెండు పెట్టడాన్ని ఆపగలం.

స్వీడన్ మాటెత్తాను కాబట్టి అక్కడి నుంచి వచ్చిన ఒక అధ్యయనం గురించి చెప్పాలి. ఈ చర్చను అసలు మలుపు తిప్పింది అదే. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. 36 ఏళ్లలోపు స్త్రీలు 661 మంది. సగం మందికి రెండు పిండాలు కలిపి పెట్టారు. మిగతా సగానికి ఒకటి పెట్టి, బిడ్డ పుట్టకపోతే దాచిన ఇంకొకదాన్ని పెట్టారు. రెండు కలిపి పెట్టినవారిలో 42.9 శాతానికి బిడ్డ పుట్టింది, ఒక్కొక్కటిగా పెట్టినవారిలో 38.8 శాతానికి. కాన్పుల్లో కవలలు మొదటి గుంపులో 33.1 శాతం, రెండో గుంపులో 0.8 శాతం. ఆ నాలుగు శాతం తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. అది విట్రిఫికేషన్ ఇంకా వాడుకలోకి రాని కాలం. ఈనాటి ల్యాబ్‌లో ఆ తేడా ఇంకా కరిగిపోతుంది.

నన్ను ఇంతకంటే ఎక్కువగా ఆలోచింపజేసింది బెల్జియం. అక్కడ దీన్ని వైద్యుల సమస్యగా కాకుండా ఖజానా సమస్యగా చూశారు. నెలలు నిండని కవలల వైద్యానికి ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోందో లెక్క తీశారు. ఆ కవలలే పుట్టకపోతే మిగిలే డబ్బుతో ఐవీఎఫ్ ల్యాబ్ ఖర్చే భరించవచ్చని తేలింది. 2003 జులై 1 నుంచి దంపతులతో ఒక ఒప్పందంలాంటిది కుదుర్చుకున్నారు. ఆరు సైకిళ్ల ల్యాబ్ ఖర్చు ప్రభుత్వానిది. దానికి బదులు 36 ఏళ్లలోపు స్త్రీకి మొదటి సైకిల్లో ఒక్క పిండమే. రెండోసారి కూడా పిండం నాణ్యంగా ఉంటే ఒక్కటే, లేకపోతే రెండు. తర్వాత ఎన్నిసార్లయినా రెండుకి మించకూడదు. వయసు పెరిగేకొద్దీ కొంత సడలింపు, నలభై దాటితే పరిమితి లేదు. కవలల కాన్పులు గణనీయంగా తగ్గాయి, గర్భాలు పడిపోలేదు. బ్రిటన్ మరో దారి పట్టింది. 2009 నుంచి ప్రతి సెంటరూ తన కవలల కాన్పుల్ని మొదట 24 శాతానికి, క్రమంగా 10 శాతానికి తగ్గించాలని నియంత్రణ సంస్థ నిర్దేశించింది. పదేళ్లలోపే అక్కడ ఆ లక్ష్యం నెరవేరింది.

2002లో అదే న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. ఐవీఎఫ్ ఖర్చును ఇన్సూరెన్సు పూర్తిగా భరించాలని చట్టమున్న రాష్ట్రాల్లో ఒక్కో సైకిల్లో తక్కువ పిండాలు పెడుతున్నారని తేలింది. అదే దేశం, అవే పాఠ్యపుస్తకాలు, అవే పరికరాలు. జేబు మారితే సంఖ్య మారింది.

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదే. ఎన్ని పిండాలన్న ప్రశ్నను మనం గ్రేడుల మాటల్లో, 4ఏఏ, 4ఏబీ అంటూ మాట్లాడుకుంటాం. మన దగ్గర అసలు నిర్ణయం చాలామటుకు క్యాష్ కౌంటర్ దగ్గరే అయిపోతోంది. ఆదిలాబాద్ నుంచో మార్కాపురం నుంచో వచ్చిన దంపతులు అరెకరం అమ్మి, బంగారం కుదువబెట్టి ఒక సైకిల్ చేయించుకుంటారు. రెండోసారి పెట్టడమంటే మళ్లీ నెల రోజుల మాత్రలు, స్కాన్లు, కరిగించే చార్జీ, ఫ్రీజర్ అద్దె, లాడ్జి, భర్తకు జీతం కోత. ఇంట్లో అత్తగారికి మళ్లీ ఎందుకు వెళుతున్నారో సమాధానం. ఇవన్నీ ఒక పళ్లెంలో వేసి, రెండో పళ్లెంలో నేను చెప్పే 28 వారాల పిల్లల్ని పెడితే తూకం ఎటు మొగ్గుతుందో వాళ్లను తప్పుపట్టకుండా అర్థం చేసుకోవాలి. పైగా ఒకే కాన్పులో ఇద్దరైతే ఇక మళ్లీ ఆసుపత్రి మొహం చూడక్కర్లేదు, ఆపరేషన్ చేయించేసుకోవచ్చు అన్న ధీమా ఒకటి.

చట్టం ఏం చెబుతోంది? 2022 సరొగసీ నిబంధనలు అద్దె తల్లికి ఒక్క పిండమే పెట్టాలని, ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రమే మూడు దాకా వెళ్లవచ్చని అంటున్నాయి. ప్రత్యేక పరిస్థితి అన్న మాట ఎంత దూరం సాగుతుందో ఈ హాల్లో చాలామందికి తెలుసు. పైసా సాయం చేయకుండా ఒకటే పెట్టండి అని హుకుం జారీచేస్తే కాగితం మీద ఒకటి, కడుపులో రెండు అవుతాయని నా భయం. బెల్జియం ఇచ్చి అడిగింది. మనం ఇవ్వకుండా అడిగితే ఎవరు వింటారు? 2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది. అలాంటి చోట పిండం సంఖ్యను డబ్బుతో ముడిపెట్టకుండా నిర్ణయించే వీలుంది. నా ఆశ అలాంటి కేంద్రాల మీదే.

ఒకటే అన్నది అందరికీ వర్తించే మాట కాదని నాకూ తెలుసు. నలభై దాటి సొంత అండాలతో వచ్చినవారికి, మూడో రోజు పిండాలే మిగిలినవారికి, మంచి పిండాలు పెట్టినా పలుమార్లు విఫలమైనవారికి రెండు పెట్టడంలో న్యాయముంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలూ 40 నుంచి 42 ఏళ్లవారికి రెండు ఆలోచించవచ్చంటాయి, రెండుకి మించి మాత్రం ఎవరికీ వద్దంటాయి. ఇందులో మనం తరచుగా పొరపడే చోటు ఒకటుంది. దాత అండంతో చేసేటప్పుడు పిండం బలం దాత వయసును బట్టి ఉంటుంది. పాతికేళ్ల దాత అండం నలభై అయిదేళ్ల తల్లిలో పెట్టినా పిండం పాతికేళ్లదే, సులువుగా నిలబడుతుంది. మోసే గుండె, కిడ్నీలు, రక్తనాళాలు మాత్రం నలభై అయిదేళ్లవి. వయసు ఎక్కువ కదా అని అక్కడ రెండు పెట్టడం లెక్కను తలకిందులు చేయడమే. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన స్త్రీ దాత అండంతో కవలల్ని కన్నప్పుడు పత్రికలన్నీ ఆమె వయసు గురించే రాశాయి. ఎన్ని పిండాలు పెట్టారన్న ప్రశ్న నాకు ఆ వార్తల్లో కనబడలేదు. ఆ వయసులో కవలల్ని మోయించడం నా దృష్టిలో వైద్యం పేరిట తీసుకోకూడని సాహసం. ఇప్పుడు ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టం స్త్రీకి యాభై ఏళ్ల పరిమితి పెట్టింది, మంచిదే.

సెంటర్లు నడిపేవారికి రెండు మాటలు. ప్యాకేజీ ధర చెప్పేటప్పుడు ఒక్కసారి అండాలు తీసినదానికి తర్వాత దాచిన పిండాలు పెట్టే ఖర్చు కూడా కలిపి చెప్పండి. మొదటి ట్రాన్స్‌ఫర్ కొంచెం ఖరీదైనా ఫరవాలేదు, రెండోది దాదాపు ఉచితం కావాలి. అప్పుడు ఒకటి చాలు అనడానికి ఆ దంపతులకు ధైర్యం వస్తుంది. ఇక బోర్డుల మీది సక్సెస్ రేటు. గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రిపోర్టు పాజిటివ్ వచ్చినవారి లెక్క వేసి డెబ్బై శాతం అని రాయడం నాకు తెలిసిన గణితం కాదు. ఒక్కసారి అండాలు తీయించుకున్న నూరు మందిలో చివరికి ఎందరు నెలలు నిండిన ఒక బిడ్డతో ఇంటికెళ్లారో రాయండి. ఆ సంఖ్య చిన్నదిగానే ఉంటుంది. ఒకటొకటిగా పెట్టే సెంటరు దానిలో వెనకబడదు.

పీజీ విద్యార్థులకు ఒకటే విన్నపం. ఈ నిర్ణయాన్ని ట్రాన్స్‌ఫర్ రోజు అడగకండి. మంచినీళ్లు తాగి, మూత్రం బిగబట్టుకుని, టేబుల్ మీద పడుకున్న మనిషిని 'ఒకటా రెండా అమ్మా' అని అడిగితే ఆమె ఏం చెబుతుంది? ఇంజెక్షన్లు మొదలుకాక ముందే, భర్తతో, వీలైతే అత్తమామలతో కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. నేను ఇందాక వేసిన 40, 24 లెక్క కాగితం మీద వేసి చూపించండి. ఏడో తరగతి చదివినవారికి అర్థమయ్యే లెక్కే. వాళ్లు విని కూడా రెండే కావాలంటే, అప్పుడు డాక్టరమ్మ గారిలా మా వార్డుకు పంపండి. నేను వాళ్లతో అద్దం దగ్గర కాకుండా నా గదిలో మాట్లాడతాను.

మా విభాగం వంతు కూడా ఉంది. నెలలు నిండని పిల్లల కేస్ షీట్‌లో ఐవీఎఫ్ గర్భమా అన్న గడి ఉంటుంది. ఎన్ని పిండాలు పెట్టారు, తల్లి సొంత అండమా దాత అండమా, మూడో రోజా అయిదో రోజా అన్న గడులు లేవు. ఆ వివరాలు సెంటరు దగ్గర ఉంటాయి, పిల్లల పరిస్థితి మా దగ్గర ఉంటుంది. రెండు కాగితాలూ ఏనాడూ ఒక బల్ల మీదికి రావు. పేర్లు లేకుండా, కోడ్ నంబర్లతో ఈ రెండింటినీ కలిపే ఒక పేజీ ఫారం నమూనా తయారుచేయించాను. ఈ నగరంలోని సెంటర్లలో సగమైనా ఒక్క ఏడాది నింపితే, మన దగ్గర రెండో పిండం ఎంత ఖరీదు పడుతోందో బెల్జియం వాళ్ల లెక్క అరువు తెచ్చుకోకుండా మనమే చెప్పగలం. ప్రతులు హాలు బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉన్నాయి. ఫారంలో మార్చాల్సినవి ఉంటే మార్జిన్‌లో రాసి అక్కడే ఇవ్వండి.